కొడుక్కు బండి లేదా?

మా ఇబ్రహీంపట్నంలో పని లేకుండా నడిచే మనిషిని చూస్తే జనానికి ఊరుకోబుద్ధి కాదు. చేతిలో సంచీ అయినా లేకుండా రోడ్డు వెంట పోతుంటే, ఎరిగినవాడల్లా బండి ఆపి ఎక్కమంటాడు. ఎక్కనంటే, నా మీద కోపమా అని అడుగుతాడు. గుండెకు స్టెంట్ వేయించుకుని వచ్చిన కొత్తలో మందులకంటే ఈ మర్యాదతోనే నాకు ఎక్కువ ప్రాణం విసిగింది.

మా అన్నకు నాకంటే ముందే గుండెపోటు వచ్చింది. ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే మాట: రోజూ నడవండి, ఆయాసం వస్తే ఆగండి, మళ్ళీ నడవండి. మా నాయన కూడా గుండెతోనే పోయాడు కాబట్టి నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. అన్ననూ లాక్కుపోయాను. జనం కంటపడకుండా, బొంగులూరు దారిలో ఇళ్ళు ఇంకా లేని ఒక ప్లాట్ల వెంచర్‌లో నడిచేవాళ్ళం. తారురోడ్లు, తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు తప్ప అక్కడేమీ లేవు. నాకు ఆయాసం వస్తే అన్న ఏమీ అడిగేవాడు కాదు. ఏదో ఒక రాయి దగ్గర ఆగి, దీన్ని వంకరగా పాతారని తిట్టడం మొదలుపెట్టేవాడు. నా ఊపిరి సర్దుకున్నాక తిట్లు ఆపేవాడు.

ఎవరో హోటల్లో చాయ్ తాగుతూ మా అన్న కొడుకును అడిగారట, మీ బాపు రోడ్లు పట్టుకుని తిరుగుతున్నాడేంది, నీకు బండి లేదా అని. మర్నాడు పొద్దున్నే వాడు వెంచర్‌కే వచ్చాడు.

"ఎక్కు బాపు. నా ఇజ్జత్ తీస్తున్నవ్ గద."

అన్న నా వైపు చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. మళ్ళీ నడకకు రాలేదు.

వాడు చెడ్డవాడైతే నాకు తిట్టడం సులువయ్యేది. తండ్రంటే వాడికి ప్రాణం. క్షవరానికి కూడా బండి మీదే తీసుకుపోయేవాడు. మంచం దగ్గరికే నీళ్ళు, మంచం దగ్గరికే అన్నం. అన్న లేచి నిలబడితే చాలు, ఇంటిల్లిపాదీ కూర్చోమనేవాళ్ళు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన పిక్కలు ఇంకాస్త సన్నబడి కనిపించేవి. గడప దాకా రావడానికే ఆయాసపడేవాడు. చూశారా, అందుకే వద్దన్నామనేవాళ్ళు వాళ్ళు. ఒకరోజు నేను ఉండబట్టలేక గొడవ పెట్టుకున్నాను.

"నడిపిస్తే ఏమన్న ఐతే జిమ్మేదారి నీదేనా చిన్నాయనా?" అన్నాడు వాడు.

"కూసోబెట్టి చేస్తున్నదానికి జిమ్మేదారి ఎవనిది?" అన్నాను.

ఆ రోజు నాకు చాయ్ కూడా ఇవ్వలేదు. వచ్చేస్తుంటే అన్న మంచం మీది నుంచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వయితే నడక బంద్ చెయ్యకురా."

చేయలేదు. ఆయనే, ఒక పొద్దున బాత్రూంకు లేవబోయి, మంచం పట్టె మీదే ఒరిగిపోయాడు. కాడు దగ్గరే అయినా వైకుంఠరథం తెప్పించారు. ఆఖరికి నలుగురి భుజాల మీద కూడా పోనివ్వలేదని నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది.

మూడో రోజు అన్న పేరిట పిట్టకు అన్నం పెట్టడానికి అందరూ ఆటోల్లో కాటికి వెళ్ళారు. నేను వెంచర్ మీదుగా నడిచి వెళుతున్నాను. మా అన్న కొడుకు నా కోసం బండి వెనక్కి తిప్పుకుని వచ్చాడు. వాడి గుండు మీద ఎండ పడుతోంది.

"ఎక్కు చిన్నాయనా."

నేను ఆగలేదు. వాడు కాసేపు పక్కనే మెల్లగా బండి నడిపాడు. తర్వాత దాన్ని రోడ్డు పక్కన నిలిపేసి నాతో నడవడం మొదలుపెట్టాడు. ఒక మలుపు దాటామో లేదో, పక్కన శ్వాస బరువెక్కడం వినిపించింది. నలభై ఏళ్ళు కూడా నిండని మనిషి. మా నాయన పోలికే, మా అన్న పోలికే.

నేనొక హద్దురాయి దగ్గర ఆగాను. దీన్ని వంకరగా పాతినోడెవడని తిట్టడం మొదలుపెట్టాను.