గాలిలో రెండు సెకన్లు

మా స్టూడియోలో నా పని కార్టూన్ జంతువులను కింద పడేయడం. నాచారంలో కూర్చుని ఏళ్ల తరబడి అదే చేస్తున్నాను. కొండ అంచు దాటినా అవి గాలిలో దర్జాగా నడుస్తుంటాయి. కిందికి చూశాకే పడతాయి. ఈ ఒక్క సంగతి మీద మా నాన్న నాతో రోజూ గొడవ పెట్టుకునేవాడు.

రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. "సూడకపోతే పడదా? అది సూసిందా లేదా అని భూమికెట్ల తెలుస్తది? పిల్లలకు గిట్లాంటి అబద్ధాలు జెప్తవా?" అనేవాడు.

"నవ్వు రావాలంటే కొంచెం టైమ్ కావాలి నాన్నా."

"నవ్వుడు గాదు, రేపు పరీక్షల ఫెయిలైతరు" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

అయినా ఎలుగుబంటి పడే షాట్ కోసం నాకు దూకి చూపించింది ఆయనే. ఏ కదలికైనా ముందు మనిషి చేస్తే వీడియో తీసుకుని, అది చూస్తూ గీస్తాం. ఉప్పల్‌లో మా డాబా మీద చెక్క స్టూలు వేశాను. ఎక్కాడు. దూకమంటే దూకడే! కళ్లజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, కిందికి చూశాడు, అప్పుడు దూకాడు.

"నీ కొలువు పాడుగాను, మోకాళ్లు పోయినయ్ గదనే!"

పొట్ట పట్టుకుని నవ్వాను. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు మా లెక్క. స్టూలు మీంచి ఆయన ఏడు బొమ్మల్లో నేలకు చేరాడు.

నా ఎలుగుబంటి మాత్రం సగం కట్టిన వంతెన దాటి, గాలిలో నిలబడి కళ్లజోడు తుడుచుకుంది. దాన్ని అక్కడ రెండు సెకన్లు ఉంచాను. షాట్ ఓకే అయింది. ఓకే అయ్యాక వీడియో డిలీట్ చేసేయడం మాకు అలవాటు. ఫోన్‌లోనూ తీసేశాను. మనిషే పక్క గదిలో ఉండగా వీడియో ఎందుకనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

ఆ ఎపిసోడ్ బయటికి రాకముందే గుండెపోటుతో నాన్న పోయాడు. ఫోటోలు బోలెడున్నాయి. అన్నింట్లోనూ బిగుసుకుపోయి నిలబడి ఉంటాడు. నాకు కావలసింది ఆ తుడుచుకోవడం, ఆ గొణుగుడు, దూకే ముందు ఆ భయం. ఉప్పల్ నుంచి అంబర్‌పేట్ దాకా ఫోన్లు బాగుచేసే షాపులన్నీ తిరిగాను. డిలీటైన వీడియో ఇక రాదన్నారు. ఆ ఏడు బొమ్మలు దొరికినా చాలు నాకు.

మొన్న ఆదివారం ల్యాప్‌టాప్‌లో ఆ ఎపిసోడ్ పెట్టుకుంటే అమ్మ చిక్కుడుకాయల గిన్నెతో వచ్చి పక్కన కూర్చుంది. డాబా మీద మేం చేసిన ఘనకార్యం ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎలుగుబంటి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టగానే కాయలు తుంచే చేయి ఆగింది.

"అగో, మీ నాయన" అంది.

ఎలుగుబంటి కళ్లజోడు పెట్టుకుంది. తల మెల్లగా వంచబోతోంది. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"జర ఆపు బిడ్డా. కిందికి సూడనియ్యకు."