ఏటి వైపు తిరిగిన కొట్టు

మా చెల్లెలంటే నాకు ప్రాణం. దాని కొట్టంటే మాత్రం ఒళ్ళుమంట. దాన్ని సముద్రం ఒడ్డున ఉన్న ఊరికిచ్చారు. సర్కారు అక్కడ ఒడ్డు పొడుగునా గోడ కట్టి, నడవడానికి బండలు పరిచింది. షావుకార్లు వరసగా కొట్లు కట్టించారు. అందులో ఒకటి మా మరిదికి దొరికింది. ఇక చూడండి దాని గొప్పలు! ఫోన్ చేసినప్పుడల్లా "అక్కా, సాయంత్రమైతే బజ్జీలకు జనం తోసుకుంటాండారు" అని ఒకటే పాట.

జమ్మలమడుగులో మా పెన్న ఒడ్డుకూ ఆ యోగం పట్టింది. సర్కారు మెట్లు కట్టింది, కాంట్రాక్టరు కొట్లు కట్టాడు. ఒకటి మాకిస్తామన్నారు, ఏ పార్టీ కండువా కప్పుకోనక్కర్లేదు కూడా. చెల్లెలి నోరు మూయించే రోజొచ్చిందని ఎగిరి గంతేశాను.

కొట్టు చూసి రమ్మంటే మా ఆయన మొహం మాడ్చుకుని వచ్చాడు. ఆ ఇంజనీరు ఎక్కడివాడో, అన్ని కొట్లకూ ముఖం ఏటి వైపు పెట్టాడు. పొయ్యి దగ్గర నిలబడితే వీపు రోడ్డుకు.

"రోడ్డుకు ఈపు పెట్టి కాఫీ పోయమంటావా? ఎనకనుంచి ఎవుడొస్తాండేదీ నాకెట్ల తెలుస్తాది? మా అన్నను ఎట్ల నరికినారో మర్సిపోయినావా?"

మర్చిపోలేదు. మా బావగారు టీ తాగుతుంటే పగవాళ్ళు వెనక నుంచే వచ్చారు. అయినా నా కుళ్ళు ఊరుకోనిస్తేగా!

"ఊరంతా నీ ఎనకే పడ్తాందా? నీకంటే నేనే నయం" అనేశాను.

కాంట్రాక్టరేమో తొందరగా తేల్చమంటున్నాడు. చెల్లెలి కొట్టు చూస్తేనైనా మనసు మారుతుందని ఆయన్ను బస్సెక్కించి లాక్కుపోయాను.

అక్కడా కొట్టు ముఖం సముద్రానికే. మరిది బజ్జీలు వేస్తున్నాడు, వెనక రోడ్డు మీద ఒకటే లారీలు. మా ఆయన గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

"చూసినావా, ఆయప్పకేమన్నా అయ్యిందా?" అని చిన్నగా దెప్పాను.

అంతలో రోడ్డు మీద ఢామ్మంది. మా ఆయన గ్లాసు వదిలేసి, నన్ను కిందికి లాగి, నా మీద అడ్డం పడ్డాడు. చుట్టూ జనం నవ్వారు. చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో బావా, లారీ టైరు పగిలింది, అంతే! లెయ్!"

నేల మీద నుంచే పైకి చూశాను. మరిది తల కూడా తిప్పలేదు. బజ్జీలు మాడిపోతాయని తిరగేసుకుంటున్నాడు. నా మీద మా ఆయన గుండె దడదడా కొట్టుకుంటోంది.

కొట్టు మాట నేనింక ఎత్తలేదు. కానీ దేవుడా, తల తిప్పే అవసరమే లేని దాని మొగుణ్ణి చూసి చెల్లెలి మీద నాకొచ్చిన కుళ్ళు ఇప్పటికీ చల్లారలేదు.