జీపులోంచి చూసిన తంగేడు

రిటైరవడానికి ముందు ఏడాది, భాద్రపదంలో, నార్సింగి అవతల ఒక స్థలంలో మొక్కల సర్వే నాకు అప్పగించారు. అక్కడ ఐటీ భవనాలు రాబోతున్నాయి. స్థలంలో రెండు రాతిగుట్టలు. ఒకదాన్ని పేల్చి చదును చేస్తారు, రెండోదాన్ని అలాగే ఉంచుతారు. ఏది ఉంచాలో మొక్కల్ని బట్టి చెప్పే బాధ్యత సీనియర్ వృక్షశాస్త్రజ్ఞుడిగా నాది. నా కింద సుజాత అనే రీసెర్చ్ ఫెలో పనిచేసేది. సిద్దిపేట అమ్మాయి.

ఉత్తరపు గుట్ట నిండా పసుపు పూలు. జీపులోంచే చూసి తంగేడని తేల్చేశాను.

"సార్, జర దిగి చూడుండ్రి. గిది మన తంగేడు లెక్క లేదు," అంది సుజాత.

"తంగేడు చూడ్డానికి కూడా దిగాలా అమ్మా?"

డ్రైవర్ యాదగిరి అందుకున్నాడు. "పసుపు పువ్వైతే సాలదా మేడమ్? బతుకమ్మకు ఏదైతే ఏంది?"

"గా మాట మీ అమ్మ ముంగట అను అన్నా, చూస్త."

అందరం నవ్వాం. నేను దిగలేదు. తంగేడు ఎక్కడైనా దొరుకుతుంది కనుక ఉత్తరపు గుట్టను తీసేయవచ్చని నివేదిక రాసి పంపాను.

రెండ్రోజులకు సుజాత తనే బస్సులో వెళ్లి, ఒక కొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పూలు ఇంచుమించు తంగేడు పూలే. కానీ తంగేడుకు ఆకు కాండానికి అతుక్కునే చోట చెవిలాంటి చిన్న ఆకు ఉంటుంది. దాన్ని పత్రపుచ్ఛం అంటాం. అది త్వరగా రాలదు. ఈ కొమ్మకు అది లేదు. ఇది సెన్నా మోంటానా, రాతిగుట్టల్లో పెరిగే తంగేడు చుట్టం. నగరం చుట్టూ గుట్టలతోపాటు అదీ పోతోంది. ఈ తేడాను శిక్షణ తరగతుల్లో ఏటా చెప్పింది నేనే.

"నేనే ఇంకింత గట్టిగ చెప్పాల్సుండె సార్."

"నువ్వు చెప్పావు. నేను వినలేదు," అన్నాను.

ఇద్దరం వెంటనే గుట్టకు వెళ్లాం. నా నివేదిక అందగానే దారి కోసం తూర్పు పక్కను యంత్రంతో చెక్కేశారు. అక్కడి పొదలు పోయాయి. పని ఆపమని అడిగితే, భీమవరం నుంచి వచ్చిన ప్రాజెక్టు ఇంజనీరు అందరి ముందే నవ్వాడు.

"ఏవండీ, మొన్న తంగేడన్నారు, ఇవాళ కాదంటున్నారు. రేపు మందారం అంటారా?"

"మొన్న జీపులోంచి చూశానండీ. ఇవాళ దిగి చూశాను," అన్నాను.

పాత నివేదికను తప్పని రాతపూర్వకంగా వెనక్కి తీసుకున్నాను. సరైన పేరు గుర్తించింది సుజాత అని కొత్తదానిలో రాశాను. ఉత్తరపు గుట్టలో మిగిలిన భాగాన్ని ఉంచారు. తూర్పు పక్క పోయింది పోయినట్టే.

ఆ తర్వాత చేతిలో కొమ్మ లేకుండా ఏ మొక్కకూ పేరు చెప్పలేదు. కింది ఉద్యోగి కాదంటే ముందు కారణం అడిగాను. ఆ రోజు నాది తెలియక చేసిన తప్పు కాదు, తెలుసన్న ధీమాతో చూడకపోవడం. ఈ వృత్తిలో అది పాతబడ్డవాళ్లు చేసే తప్పు. కొత్తవాళ్లు ఎలాగూ చూస్తారు.