మావాడు కాదంది అమ్మ

2020లో విమానాలు ఆగిపోయినప్పుడు, నెల రోజులు ఉండి పోదామని ఐర్లాండ్ నుంచి వచ్చిన మా మేడం వాళ్ళమ్మ అబుదాబిలోనే చిక్కుకుపోయింది. మేడం టీచరు. పొద్దున్నుంచీ గది తలుపేసుకుని కంప్యూటర్లో పాఠాలు చెప్పేది. వంటతో పాటు ముసలావిడను చూసుకోవడం కూడా నా పనిలో కలిసింది. ఆవిడను నేను పెద్ద మేడం అనేదాన్ని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద మేడం టీవీలో ఒక సీరియల్ పెట్టేది. నూరేళ్ళ కిందట ఐర్లాండ్ వాళ్ళు ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరగబడిన కథ. నేను కింద కూర్చుని బీన్స్ తుంచుకుంటూ చూసేదాన్ని. నాది వంటింటి ఇంగ్లీషు. అయినా తుపాకి ఎవరి చేతిలో ఉందో, ఏడ్చేది ఎవరో తెలియడానికి భాషెందుకు? కుర్రాళ్ళు ఉపన్యాసాలిచ్చి వెళ్ళిపోయేవారు. పొయ్యి వెలిగించేదీ, తలుపు కొట్టిన సిపాయిలకు జవాబు చెప్పుకునేదీ ఇంట్లో ఆడవాళ్ళు. ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా అన్నయ్యా అలాగే వెళ్ళాడు. డిగ్రీ మధ్యలో ఆపేసి మన్యంలో అన్నల్లో కలిశాడు. ఊళ్ళో అడిగితే ముంబైలో పనిచేస్తున్నాడని చెప్పేవాళ్ళం. ఎవరూ నమ్మేవారు కాదు. మూడేళ్ళకు అడవిలో కాల్పులు జరిగాయి. ఒక శవం మీవాడిదేమో చూసి చెప్పమని పోలీసులు అమ్మను పెద్దాసుపత్రికి పిలిపించారు. నేను తోడు వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అమ్మ చూసి, "మావాడు కాదు" అంది. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళూ వాడు ఎక్కడో బతికే ఉన్నాడనుకున్నాను. తోబుట్టువులెవరని పెద్ద మేడం అడిగితే, అక్క, అన్నయ్య ఉన్నారనే చెప్పాను.

ఒకరోజు సీరియల్లో ఒక పెద్ద హాలు చూపించారు. నేల మీద వరసగా శవాలు. నల్లకోటు వేసుకున్న తల్లి ఒక్కో దుప్పటీ ఎత్తి చూస్తోంది. పేరు రాసుకోవడానికి సిపాయి వెనకే నడుస్తున్నాడు. ఆమె ఆఖరిదాకా చూసి, కాదని తల ఊపి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. పెద్ద మేడం బొమ్మ ఆపేసింది.

"మూడోవాడు ఆమె కొడుకు," అంది.

"కాదంది కదా మేడం?"

"అవునంటే ఇల్లు తగలబెడతారు. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. చూడలేదా, మిగతావాళ్ళ దుప్పట్లు ఎత్తినవి ఎత్తినట్టే వదిలేసింది. వాడికొక్కడికే సర్ది కప్పింది."

నాకు ఒళ్ళు మండింది. జనాన్ని ఏడిపించడానికి టీవీ వాళ్ళు ఎన్నైనా తీస్తారనుకుని బీన్స్ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయాను.

అక్కడ కుళాయి తిప్పి నిలబడితే, ఆసుపత్రి గుమ్మంలోంచి నేను చూసింది గుర్తొచ్చింది. శవం కాళ్ళు బయటికి ఉన్నాయి. అమ్మ గుడ్డ కిందికి లాగి, పసిపిల్లలకు చేసినట్టు పాదాల కిందికి మడిచి పెట్టింది. ఎవరి బిడ్డో పాపమని చేసిందనుకున్నాను. ఆ తర్వాత అమ్మ అన్నయ్య సంగతి ఎవరినీ అడగలేదు. కోపమనుకున్నాను. ఎంత మొద్దుని!

శుక్రవారం సెలవు. ఊరికి ఫోన్ చేశాను. అమ్మ అక్క దగ్గర ఉంటోంది. కరోనా ఎలా ఉందనీ, ఏం కూర వండారనీ కాసేపు మాటలు నడిచాక అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నది అన్నయ్యేనా?"

"ఇప్పుడెందుకే అయ్యన్నీ?"

"చెప్పమ్మా."

"ఆడే," అంది. గొంతులో ఏడుపు లేదు. "నీ పాస్‌పోర్టు ఎంక్వైరీకి ఆ వారంలోనే కదే పోలీసులు వత్తామన్నారు? ఆడు నా కొడుకంటే నీ కాయితం మీద సంతకం పెడతారా ఏంటి? పోయినోడు ఎలాగూ పోయాడు. ఉన్నదాన్నైనా ఒడ్డున పడెయ్యొద్దా?"

పదకొండేళ్ళుగా నేను తింటున్న గల్ఫ్ తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అమ్మ మీద కోపం కూడా వచ్చింది, దాచుకోను. నా కోసం అంత పని చెయ్యమని నేను అడిగానా?

"పోనీ, ఎక్కడ పూడ్చారో అయినా కనుక్కున్నావా?"

"ఎలా కనుక్కుంటానే? అడిగితే నా కొడుకైపోడా?"