మా అత్త కోలలు పట్టిన మూడేళ్లు

ఫోన్ వచ్చేసరికి నేను నంద్యాలలో, మా బడి స్టాఫ్ రూములో ఉన్నాను. "అమ్మ పోయింది" అన్నారు మా ఆయన. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద కాసేపు నడుము వాల్చిందట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఏడుస్తూనే ఆళ్లగడ్డ బస్సెక్కాను. అయినా దారిలో ఒక మాట మాత్రం నాకు ధైర్యమిస్తూ వచ్చింది: మా అత్త మా అందరినీ గుర్తుపడుతూనే వెళ్లిపోయింది. నాలుగేళ్ల కిందట ఆ ఆశ మాకు లేదు.

ఆళ్లగడ్డలో మా కిరాణా అంగడికి వచ్చినవాళ్లకు ఆమె తెలుసు. సగం బతుకు గల్లా దగ్గరే గడిపింది. రుద్రవరం వైపు నుంచి వచ్చే రైతు సంచి కింద పెట్టకముందే, వాళ్లింట్లో ఏ పప్పు అయిపోయి ఉంటుందో చెప్పేది. మామ పోయాక అంగడి మా ఆయన చూసుకోసాగారు. ఇన్నాళ్లు చాకిరీ చేసింది చాలు, ఇక సుఖంగా కూచోమన్నాం. ఆమె కూచుంది. పొద్దున టీవీ ముందు, మధ్యాహ్నం టీవీ ముందు.

మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత, అడిగిందే మళ్లీ అడగడం. నా కూతుర్ని తన చెల్లెలి పేరుతో పిలవడం. వయసు కదా అనుకున్నాం. ఒకరోజు పుట్టింటికని రుద్రవరం బస్సెక్కింది. ఎక్కడ దిగాలని కండక్టరు అడిగితే చెప్పలేకపోయింది. ఆయన మా అంగడికి వచ్చే మనిషే కాబట్టి ముఖం గుర్తుపట్టి ఫోన్ చేశాడు. మేం వెళ్లేసరికి కొంగు పిడికిట్లో పట్టుకుని సీట్లో ముడుచుకుని కూచుని ఉంది. అంత భయం ఆమె కళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

నంద్యాల డాక్టరు పరీక్షలన్నీ చేయించి మతిమరుపు జబ్బు మొదలవుతోందన్నాడు. మందులు రాసిచ్చి, అంతకంటే ముఖ్యం ఒళ్లు కదలడం అన్నాడు. నేను పిల్లలకు సైన్సు చెబుతాను కాబట్టి ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పే పని నాది. ఒళ్లు వేడెక్కేలా కదిలితే గుండె తలకు ఎక్కువ నెత్తురు పంపుతుందని, జ్ఞాపకాలు దాచుకునే చోటు దానితో బలపడుతుందని, పంటకు నీళ్లూ ఎరువూ అందినట్టు మెదడులోని కణాలకు పోషణ అందుతుందని చెప్పాను. అంతా విని, "పనేం లేకుండా ఊరికే నడిచేకి నేనేమన్నా పిచ్చిదాన్నామే?" అంది.

నడకకు ఆమె ఒప్పుకోలేదు. మా వీధి చివర గుడి ఆవరణలో సాయంత్రాలు ఆడవాళ్లు కోలాటం నేర్చుకునేవాళ్లు. నేర్పే అక్కది అహోబిలం, గుడి కైంకర్యాల కుటుంబం. చూద్దాం రమ్మని తీసుకెళ్లాను. మూడు రోజులు అరుగు మీద కూచుని చూసింది. నాలుగో రోజు తనే లేచి కోలలు అడిగింది. భర్త లేనిదాన్ని, ఆడొచ్చా అని కూడా అడిగింది. దేవుని ముందు ఆడడానికి అదేం అడ్డమని ఆ అక్క కోలలు చేతిలో పెట్టింది.

మొదట్లో అన్నీ తప్పులే. కుడికి తిరగమంటే ఎడమకు తిరిగేది, ఎదుటి మనిషి కోలకు బదులు వేళ్ల మీద కొట్టేది. ఇంటికొచ్చి వంటింట్లో అప్పడాల కర్రా తెడ్డూ పట్టుకుని అడుగులు వేసుకునేది.

మా ఆయనకు ఇది నచ్చలేదు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నానని నాతో గొణిగి గొణిగి, ఒకరోజు భోజనాల దగ్గర బయటపడ్డారు.

"ఈ వయసులో ఏందిమా ఇది? అంగడికొచ్చినోళ్లంతా అడుగుతాండారు."

మా అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "అడిగితే చెప్పు నాయనా. మా యమ్మ తల బాగు చేసుకుంటాండాదని చెప్పు. ఆ పొద్దు బస్సులో యాడ దిగాల్నో తెలీక కూచున్నెప్పుడు పడినా నేను సిగ్గు. ఇది సిగ్గు గాదు."



ఆరేడు నెలలకు తేడా మా కంటికే తెలిసింది. రాత్రుళ్లు బాగా నిద్రపోయేది. ముఖం తేటపడింది. మళ్లీ అంగడికి వచ్చి కూచోసాగింది. జబ్బు పోయిందని అనను. కొన్ని పేర్లు పోయినవి పోయినట్టే ఉన్నాయి; నా కూతురు చివరిదాకా అప్పుడప్పుడు ఆ చెల్లెలి పేరుకే పలికింది. కానీ జబ్బు నడక మందగించింది. మందులు చేసింది ఎంతో, కోలాటం చేసింది ఎంతో విడదీసి చెప్పలేనని డాక్టరే అన్నాడు. రెండూ మానొద్దన్నాడు. కోలాటంలో ఎదుటి మనిషి కోల ఎటు వస్తుందో చూడాలి, పాట వినాలి, తర్వాతి మలుపు గుర్తుంచుకోవాలి, అంతలో అడుగు వేయాలి. ఒకే పనిలో తలకూ కాళ్లకూ ఇంత వ్యాయామం ఉంటుందని నాకు ఆమెను చూశాకే తెలిసింది.

అన్ని మలుపులు ఎలా గుర్తుంటున్నాయని ఒకసారి అడిగాను. "అన్నీ యాడ గుర్తుంటాయిమే? కాళ్లు ముందు పోతే తల ఎనకాల వచ్చాది" అంది. అంగడికొచ్చి మోకాళ్ల నొప్పులని, మతిమరుపని చెప్పుకునే ఆడవాళ్లతో, "ఆడించని కీలు తలుపుదైనా మనిషిదైనా బిగుసుకుంటాది" అని, సాయంత్రం గుడికి రమ్మనేది. అలా వచ్చినవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

పోయినేడు దిగువ అహోబిలం ఉత్సవంలో, సన్నిధి వీధిలో మా జట్టు ఆడింది. సగం ఆటలో వాన దిగింది. జనం చూరుల కిందికి పరుగెత్తారు. తప్పెట ఆగింది. నేర్పే అక్క కూడా తటపటాయించింది. మా అత్త ఆగలేదు. కోలతో కోల కొట్టుకుంటూ తర్వాతి మలుపు తిరిగింది. ఆమె ఎదుట ఉన్న మనిషికీ తిరగక తప్పలేదు, ఆ వెనక మేమంతా తిరిగాం. తప్పెట మళ్లీ అందుకుంది. మా ఆయన గొడుగు తీసుకుని తల్లి కోసం వీధిలోకి వచ్చారు. తిరిగే మనిషికి గొడుగు పట్టడం ఎలా? రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కు వేశారు. చివరికి గొడుగు మూసి చంకలో పెట్టుకుని, వానలో తడుస్తూ నిలబడి, తల్లి అడుగులకు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.