పొట్టకొచ్చిన జొన్న కోయించిన మేడం

మా అమ్మాయికి చదువు చెప్పిన మేడం పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. మగ్గాల చప్పుడులో మాట వినపడక, బయటికి వచ్చి మళ్ళీ చెప్పించుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆమెను తలుచుకుంటే ఏడుపు ఎక్కువసేపు ఉండదు, సంతోషమే పొంగుతుంది.

నిజామాబాద్ వైపు మనిషి. మగ్గాల పనికి వలసొచ్చి మేముంటున్న లింబాయత్‌లో మా ఇంటికి వస్తే కుర్చీ వద్దని చాప మీదే కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని తాగేవారు.

అమ్మాయి పరిశోధన తియ్య జొన్న మీద. బండ్లలో పోసే ఇంధనం కోసం దాని జన్యువులు మార్చారు. ఆ మార్పు పక్క చేలకు పాకకుండా, పుప్పొడినే పనికిరాకుండా చేయవచ్చా అని అప్పటికి మూడేళ్ళుగా చూస్తోంది. ఏడో తరగతి చదివిన నాకు ఏం తెలుస్తుంది? మేడం నా చొక్కా మీది నూలు పీచు తీసి చూపించారు.

"నువ్వు రమ్మనకున్నా ఇది నీ వెంట ఇంటికొచ్చింది గదా అన్నా. పుప్పొడి గిట్లనే పోతది."

తొలి లాక్‌డౌన్‌లో ఆ జొన్న పొట్టకొచ్చింది. కంకి బయటపడగానే పుప్పొడి ఎగరకుండా సంచి తొడగాలి, రోజూ చూసుకోవాలి. కూలీలు ఊళ్ళకు పోయారు. మేడం ఎంత తిరిగినా ఒక్కరోజుకే పాసు దొరికింది. మగ్గాలు బందై ఖాళీగా ఉన్న నన్నూ ఆ చేనికి తీసుకుపోయారు. కంచె అవతలే ఒక రైతు జొన్న చేను. ఆయన తన పంటలోంచే విత్తనం దాచుకుంటాడు.

రోజూ వచ్చి సంచులు తొడగలేం గనుక మొత్తం కోసెయ్యాలన్నారు మేడం. జర ఒక్క సాలైనా ఉంచుదామని నేనే బతిమాలాను. మేడం అమ్మాయి భుజం మీద చెయ్యి వేశారు.

"నీ చదువు మళ్ళ వేసుకుందాం బిడ్డా. ఆయన విత్తనంల కలిస్తే మాత్రం మనం ఏరలేం."

అమ్మాయి కొడవలి అడిగింది. మొదటి మొక్క తనే కోసింది. ఏం చెప్పను, నా బిడ్డకు డాక్టరేటు వచ్చిన రోజు కూడా నా ఛాతీ అంత ఉబ్బలేదు. నేను ఒక్కో మొక్కా పట్టుకుని నిదానంగా కోస్తుంటే మేడం నవ్వు ఆపుకోలేకపోయారు.

"అన్నా, గది జొన్న, చీర గాదు. నరుకు."

ముగ్గురం నవ్వుకుంటూనే కోసి, అక్కడే గొయ్యి తీసి పూడ్చాం. కాలేజీలో దాచిన విత్తనంతో అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది, గెలిచింది. ఆ ముచ్చట చూసే మేడం వెళ్ళారు.

నా కళ్ళ ముందు నిలిచేది మాత్రం ఆ లాక్‌డౌన్ ఏటి చలికాలం. తను దాచుకున్న విత్తనంతో పండిన చేలో ఆ రైతు మమ్మల్ని పోంక్ తినడానికి పిలిచాడు. లేత కంకులు కాల్చి, కొట్టి, గింజలు రాల్చాడు. మేడం మాస్కు గడ్డం కిందికి లాగి, పచ్చని వేడి గింజలను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదుతున్నారు. ఆ దోసిలి ఖాళీ కాకముందే రైతు ఇంకో పిడికెడు పోశాడు.