'రాలే' అనని ఊరిలో తీసివేతలు

మా బడి గోదావరిఖనికి దగ్గరే, బొగ్గుబాయికి పోయే రోడ్డు పక్కన. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు గారివి. మూడు, నాలుగు, ఐదు నావి, అవీ ఒకే గదిలో. ఆయన మీటింగుకు వెళ్తే ఐదూ నావే. తెలుగు, లెక్కలు, పరిసరాలు, ఇంగ్లీషు, బొమ్మలు, ఆటలు అన్నీ నేనే చెప్పాలి. "నీకు రాని విద్య లేదు గదా" అని మా ఆయన ఎకసెక్కమాడతాడు. ఆయన బాయిలో కోల్‌కట్టర్. ఆయనకు రాని విద్య ఇంటి పని ఒక్కటే.

బాయి మనుషుల ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. డ్యూటీకి పోయినవాడు వేళకు ఇల్లు చేరకపోతే "ఇంకా రాలే" అని ఎవరూ అనరు. "వస్తున్నడు" అంటారు. షిఫ్టు దిగి ఎంతసేపైనా, అన్నం చల్లారి ముద్దైనా, "వస్తున్నడు" అనే. నేను వ్యవసాయం చేసుకునే ఊరి నుంచి కోడలుగా వచ్చినదాన్ని. కొత్తలో ఒక సాయంత్రం "మీ కొడుకు ఇంకా రాలే అత్తమ్మా" అన్నాను. మా అత్త కూర కోస్తున్న కత్తిపీట మీంచి లేచి నిలబడింది. "పో, నోరు కడుక్కో పో. వస్తున్నడు అనాలె" అంది. టీచరు ట్రైనింగు చదివినదాన్ని కదా, ఇదేం చాదస్తం అని లోపల నవ్వుకున్నాను. ఏడాది తిరగకముందే నేనూ "వస్తున్నడు" అనడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పకుండానే అలవాటైంది.

ఆ రోజు హెడ్మాస్టరు గారు మీటింగుకు వెళ్లారు. మా ఆయన మొదటి షిఫ్టుకు పొద్దున్నే బాయికి వెళ్లాడు. నేను అన్ని తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి మూడో తరగతికి తీసివేతలు మొదలుపెట్టాను. పుస్తకంలో లెక్కలు చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. "మీ ఇండ్లల్లకెల్లి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పున్రి" అన్నాను.

"మా అవ్వకు పన్నెండు కోళ్లుండె. నాలుగింటిని కుక్క ఎత్కపోయింది" అన్నాడొకడు.

"కుక్క కాదు టీచర్, వాళ్ల బాపే కోసిండు. మాకు గూడ కూర పంపిన్రు" అని వాడి పక్కింటి పిల్ల గుట్టు విప్పింది. గదంతా నవ్వులు. నేనూ నవ్వాను.

తరవాత ముందు వరసలో కూర్చునే పాప లేచింది. మూడో తరగతిలో చురుకైన పిల్ల, చెయ్యెత్తితే దించదు. వాళ్ల నాన్న కూడా మా ఆయన దిగే బాయిలోనే, అదే షిఫ్టులో.

"బాయిల ఇరువై మంది దిగిన్రు. పదిహేడు మంది ఎక్కిన్రు. ఎందరు రాలే?"

లెక్కలో తప్పేమీ లేదు. తీసివేత అంటే అదే. కానీ అందరూ పాప వైపు తిరిగారు. ఒకటో తరగతి పిల్లలు కూడా పలకలు గీయడం మానేసి చూశారు. వెనక నుంచి ఐదో తరగతి అమ్మాయి కసిరింది. "ఏయ్, గట్లంటరానే? నోరు కడుక్కో పో!" పాప మొహం చిన్నబోయింది. నా వైపు చూసి, నేనేమీ అనకపోయేసరికి, బయట నల్లా దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. నేను బోర్డు మీద ఇరవై కోళ్లు వేసి పదిహేడు కొట్టేశాను. "మూడు కోళ్లు!" అని పిల్లలంతా అరిచారు, అవసరానికి మించి గట్టిగా.

రెండో పీరియడ్ పరిసరాలు. పాఠం గాలి గురించి. ముక్కు మూసుకుని ఎంతసేపు ఉండగలరో చూడమన్నాను. బుగ్గలు పొంగించి, కళ్లు తేలేసి, ఒకరిని చూసి ఒకరు ఆగలేక నవ్వుతున్నారు. అప్పుడే రోడ్డు మీద బండి కూత వినిపించింది. మా పిల్లలకు అక్షరాలకన్నా ముందు బండ్ల కూతలు వస్తాయి. 108 ఏదో, పోలీసు బండి ఏదో, బాయిలో ప్రమాదమైతే పోయే రెస్క్యూ బండి ఏదో చెవిన పడగానే చెప్పేస్తారు. ముక్కులు మూసుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి.

"రెస్క్యూ బండి టీచర్" అన్నాడు కోళ్ల పిల్లవాడు. "మన బాయి దిక్కే పోతాంది."

మా ఆయన దిగింది ఆ బాయిలోకే. కానీ టీచరును కదా, "పాఠం వినున్రి" అన్నాను. మా ఆయనకు ఫోను చేశాను. బాయిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరనీ, అది పైన పెట్టెలో ఉంటుందనీ తెలుసు. తెలిసీ మూడుసార్లు చేశాను. తరవాత మా పక్కింటి అక్కకు చేశాను. ఆమె ఎత్తడమే కేకతో ఎత్తింది.

"కప్పు కూలిందట చెల్లె! లోపల ఇద్దరు ముగ్గురు ఇర్కినరట! ఎవలో ఎర్కలేదు. మేమంత బాయి కాడికే పోతున్నం, నువ్వు రా!"

ఆమె మామూలుగా మాట్లాడినా వీధంతా వినపడుతుంది. ఫోను చెవికి ఎంత అదిమిపెట్టినా ఆ మాటలు ముందు వరస దాకా వెళ్లాయి. ఇద్దరు ముగ్గురు అని ఆమె నోటికొచ్చిన మాట అంది. పాప చెవికి అందులో ముగ్గురే చేరారు. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

నాకు బాయి దగ్గరికి పరుగెత్తాలని ఉంది. కాళ్లు తలుపు వైపే లాగుతున్నాయి. గదినిండా పిల్లలు, పెద్దదాన్ని నేనొక్కదాన్నే. వీళ్లలో ఎవరి నాన్న లోపల ఉన్నాడో, నా మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కిటికీలోంచి చూస్తుంటే ఆడవాళ్లు కొంగులు నడుముకు చుట్టుకుని రోడ్డు మీద పరుగెత్తుతున్నారు. ఒక్కరూ పిల్లల కోసం ఆగలేదు. బడిలో ఉన్న పిల్లలు భద్రంగా ఉన్నట్టే అని వాళ్ల లెక్క. తలుపు దగ్గరగా వేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

ఏదో ఒకటి చెప్పాలి. ఊరుకుంటే ఏడుపులు మొదలవుతాయి. ఏ గొడవా లేని పాఠం అని ఇంగ్లీషు తీశాను. ఆ వారం వ్యతిరేక పదాలు. "అప్" అన్నాను. "డౌన్" అన్నారు. "ఇన్" అన్నాను. "అవుట్" అని ఇద్దరే అన్నారు. తరవాతి మాట "కమ్". అది నా నోట్లోంచి రాలేదు, పుస్తకం మూసేశాను. తెలుగు తీస్తే అందులోనూ అమ్మ పిల్లవాడి కోసం గుమ్మంలో ఎదురుచూసే పాఠమే. చివరికి బొమ్మలు వేసుకోమన్నాను. పువ్వు వెయ్యండి, చెట్టు వెయ్యండి అన్నా వినలేదు, సగం మంది హెల్మెట్టు, దాని మీద దీపం వేశారు. రోజూ వేసే బొమ్మే. ఆ రోజు చూడలేకపోయాను.

మధ్యాహ్నం అన్నం వండే అవ్వ పళ్లేలు పెట్టింది. ఆమె కొడుకు కూడా బాయిలోనే. ఏడవలేదు, ఆగలేదు, అందరికీ పప్పు పోస్తూ "తినున్రి, వస్తున్నరు, వస్తున్నరు" అంటూ తిరిగింది. పిల్లలు మెతుకులు కెలుకుతున్నారు. లెక్క చూసుకుంటే ఒక పళ్లెం ముందు ఎవరూ లేరు. బయటికి పరుగెత్తాను.

పాప నల్లా దగ్గర ఉంది. దోసిలి పట్టడం, పుక్కిలించడం, ఉమ్మేయడం, మళ్లీ దోసిలి పట్టడం. గౌను ముందంతా తడిసిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఎంతసేపటి నుంచి అలా చేస్తోందో తెలియదు. నల్లా కట్టేసి దగ్గరికి తీసుకున్నాను.

"టీచర్, ఇంకా పోలేదా? నేనన్న మాట ఇంకా నోట్లనే ఉన్నదా?"

"పిచ్చిపిల్లా! నువ్వు అంటే బాయి కూలుతదా? నీ మాటకు గంత బలముంటదా?"

"నా లెక్కల ముగ్గురే గదా టీచర్. ముగ్గురే ఇర్కిన్రు."

దానికి సైన్సు చెప్పాను. పైకప్పు బరువు గురించి, రాతి పొరల గురించి, మాటకూ రాయికీ సంబంధం లేదని నాకు తెలిసిందంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ నా లోపల ఇంకో గొంతు "వస్తున్నడు, వస్తున్నడు, వస్తున్నడు" అని ఆపకుండా జపం చేస్తోంది. నేను చెప్పింది నేనే నమ్మడం లేదని ఆ పిల్లకు తెలిసిపోయిందేమో, నా మొహంలోకి చూసి మళ్లీ నోరు మూసుకుంది.

బడి వదిలే వేళకు మా ఆయన ఫోను వచ్చింది. "వచ్చిన" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లలు చూస్తున్నారని బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచాను. తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లలను తీసుకుపోయారు. వంట అవ్వ కొడుకు కూడా క్షేమమేనని కబురొచ్చింది. లోపల చిక్కుకున్నవాళ్లను బయటికి తీశారనీ, దవాఖానకు తీసుకుపోయారనీ అన్నారు. ఎవరన్నది నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. చివరికి బడిలో నేనూ పాపా మిగిలాం.

పొద్దు వాలుతుండగా వాళ్ల నాన్న వచ్చాడు, భార్య భుజం ఆసరాతో. మొహం కడుక్కోలేదు, బొగ్గు నలుపు మీద తలకు తెల్ల కట్టు. చిక్కుకున్నవాళ్లలో ఆయన ఒకడు. పాప ఎదురు పరుగెత్తలేదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకునే గోడకు అతుక్కుని నిలబడింది.

"బాపూ, నేను లెక్కల రాలే అన్న. అందుకే నువ్వు ఇర్కినవ్."

ఆయన నా వైపు చూశాడు. జరిగింది చెప్పాను. ఆయన మెల్లగా మెట్ల మీద కూర్చుని కూతుర్ని ముందుకు లాక్కున్నాడు.

"అరేయ్ బిడ్డా, నీ లెక్కనే నన్ను బయటికి తీసింది. పొద్దుగాల దిగేటప్పుడు అందరం ల్యాంపు రూంల తలకు పెట్టుకునే దీపం తీస్కుంటం గదా. ఎక్కినంక అక్కడ్నే ఇస్తం. కప్పు కూలంగనే అందరు ఉరికొచ్చిన్రు, పొగల దుమ్ముల మేం గూడ వచ్చినమనే అనుకున్నరు. దీపాలు లెక్క వెడ్తే తక్కువొచ్చినయ్. గప్పుడు మళ్ల దిగి మమ్ముల దేవులాడిన్రు. ఎందరు దిగిన్రు, ఎందరు ఎక్కిన్రు, ఎందరు రాలే. గా లెక్క ఎవలో ఒకలు చెయ్యాలె. లేకుంటె మేం గాడనే ఉందుము."

బాయి మనిషి నోటి నుంచి 'రాలే' అన్న మాట వినడం నాకు అదే మొదలు. ఆయన భార్య ఉలిక్కిపడి, కాదనలేక కొంగు నోట్లో కుక్కుకుంది. పాప చేతులు నోటి మీద నుంచి దించింది. పిల్ల బెంగ తీరిందనుకున్నాను.

"గా లెక్క చేసెటోళ్లు తప్పు చేస్తే, బాపూ?"

ఆయన కూతురి తడి గౌను అంచు పట్టుకుని పిండుతూ కూర్చున్నాడు.

మర్నాడు నేను తాళం తీసేసరికి పాప బడి గుమ్మంలో ఉంది. ప్రార్థనకు ఇంకా చాలా టైముంది. పలక ముందుకు చాచి, "తప్పు పోకుంట ఎట్ల చెయ్యాలె టీచర్?" అంది. సరిచూసుకోవడం చూపించాను. ఎక్కినవాళ్లకు రానివాళ్లను కలిపితే దిగినవాళ్లంత కావాలి. కాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు. పాప తలూపి మొదలుపెట్టింది. ఒక లెక్క చేయడం, కలిపి సరిచూడటం, చెరిపేయడం, అదే లెక్క మళ్లీ చేయడం. పిల్లలు ఇష్టంగా నేర్చుకోవడం చూశాను, దెబ్బలకు నేర్చుకోవడమూ చూశాను. ఇలా నేర్చుకోవడం ఎప్పుడూ చూడలేదు. మిగతావాళ్లు బయట ఆడుకుంటున్నారు. ప్రమాదం వల్ల ఆ రోజు ఆలస్యమైన మొదటి షిఫ్టు బస్సు అప్పుడే బాయి వైపు వెళ్లింది. పాప పలక నా చేతికిచ్చింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, మంచిగ చేసినవ్ అన్నాను.

"మళ్లొక్కసారి చూడు టీచర్" అంది.

చూశాను. ఆ బస్సులో మా ఆయన కూడా ఉన్నాడు. నేనూ వేళ్లు పెట్టి ఒక్కో అంకె కలుపుకుంటూ, మొదటి నుంచీ మళ్లీ చూశాను.